చిన్న కప్పుల్లో తీపి: ఫ్రీజర్‌లో ఏది నిలుస్తుంది, ఏది నీరుగారిపోతుంది

పండక్కి మిగిలిన బొబ్బట్లను ఫ్రీజర్‌లో పెట్టి, మూడు వారాల తర్వాత పెనం మీద నెయ్యి వేసి కాలిస్తే అప్పుడే చేసినట్టు ఉంటాయి. అదే రోజు, అదే అరలో పెట్టిన ఫ్రూట్ కస్టర్డ్ మాత్రం కరిగాక అడుగున నీళ్లు, పైన విరిగిన ముద్ద. చేసిన చేయి ఒకటే, ఫ్రిజ్ ఒకటే. చాలామంది ఇక్కడ ఫ్రిజ్‌నే అనుమానిస్తారు, లేదా పాలు బాగాలేవనుకుంటారు. నిజానికి కస్టర్డ్‌కి ఆ గతి పట్టడం ముందే తేలిపోయిన విషయం.

తీపి వంటకం ఏదైనా ఫ్రీజర్‌ను తట్టుకుంటుందా లేదా అన్నది అందులో నీరు ఎంత ఉంది, ఆ నీటిని ఏది పట్టుకుని ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ తర్వాతి సంగతి, ఆ నీరు ఎంత తొందరగా గడ్డకట్టింది అన్నది. మనిషికొకటి చొప్పున చిన్న కప్పుల్లో, చిన్న ముద్దలుగా చేసుకోవడాన్ని చాలామంది ముచ్చట అనుకుంటారు. ఇంట్లో మామూలు ఫ్రిజ్‌తో పని నడిపేవాళ్లకు అది ముచ్చట కాదు, అవసరం. ఎందుకో చూద్దాం.

నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. అంచుదాకా నింపిన గాజు కప్పు పగలడానికి కారణం ఇదే. పైన అర అంగుళం ఖాళీ వదలమని చెప్పేదీ అందుకే. కానీ అసలు నష్టం కప్పుకి కాదు, లోపలి పదార్థానికి. నీరు ఉన్నపళంగా రాయిలా మారిపోదు. ముందు సన్నని మంచు పలుకులు పుడతాయి. చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటూ అవి పెరుగుతాయి. సున్నా నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్య నీటిలో ఎక్కువ భాగం గడ్డకడుతుంది. ఆ దశ త్వరగా దాటిపోతే కోట్ల కొద్దీ చిన్న పలుకులు ఏర్పడతాయి, నాలుకకు వెన్నలా తగులుతాయి. గంటల తరబడి సాగితే పలుకులు తక్కువే అయినా ఒక్కొక్కటీ పెద్దదవుతుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటితే చాలు, తినేటప్పుడు ఇసుకలా తెలుస్తుంది. పండు గుజ్జులోనైతే ఆ పెద్ద పలుకులు కణాల గోడల్ని చీల్చేస్తాయి. కరిగాక రసమంతా కారిపోయేది అలాగే.

కాబట్టి వేగమే ముఖ్యం. 1910ల్లో కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్న అమెరికన్ క్లారెన్స్ బర్డ్‌సై ఈ సంగతి అక్కడి ఇన్యూట్ జనం దగ్గర గమనించాడు. ఆ చలిలో పట్టిన చేప అక్కడికక్కడే గడ్డకట్టేది, నెలలు గడిచాక వండినా తాజాగా ఉండేది. అమెరికా తిరిగొచ్చాక, 1920ల్లో అతను సరుకును పలుచని పెట్టెల్లో సర్ది, రెండు చల్లని లోహపు పలకల మధ్య నొక్కి గడ్డకట్టించే యంత్రాలు తయారుచేశాడు. ఈనాటి ఫ్రోజెన్ ఫుడ్ వ్యాపారానికి పునాది అదే. పలుచగా ఉండాలి, లోహానికి తగులుతూ ఉండాలి. ఈ రెండూ మన వంటింట్లోనూ కుదిరే పనులే.

ఫ్యాక్టరీల్లో మైనస్ 30, మైనస్ 40 డిగ్రీల చలిగాలిని బలంగా వీచేలా చేసి గడ్డకట్టిస్తారు. మన ఇంట్లో మంచి ఫ్రీజర్ మైనస్ 18. అందులో గాలి పెద్దగా కదలదు. ఆ లోటును మనం పూడ్చగలిగేది ముఖ్యంగా మందం తగ్గించడం ద్వారానే. మందం సగమైతే గడ్డకట్టే సమయం సగానికి పడిపోతుంది, కొన్నిసార్లు నాలుగో వంతు దాకా తగ్గుతుంది. లీటరు డబ్బాలో పోసిన కుల్ఫీ మిశ్రమం నడిమధ్య గట్టిపడటానికి ఒక రాత్రి చాలకపోవచ్చు. అదే మిశ్రమం 80 మిల్లీలీటర్ల స్టీలు గిన్నెల్లో పోస్తే సాయంత్రానికే తయారు.

కుండ కుల్ఫీలో ఉన్న కిటుకు

ఫ్రిజ్‌లు లేని రోజుల్లోనే ఈ లెక్కను పట్టుకున్నవాళ్లు కుల్ఫీ అమ్మేవాళ్లు. హైదరాబాద్ వీధుల్లో ఎర్ర గుడ్డ చుట్టిన కుండ పెట్టుకుని అమ్మే కుల్ఫీవాలా పనితీరు ఒకసారి దగ్గరగా చూడండి. సన్నగా, మొన తేలిన రేకు గొట్టాలు. ఒక్కో దాంట్లో ఒక్క మనిషికి సరిపడా పాలు. పాత పద్ధతిలో మూత చుట్టూ మైదా ముద్ద అతికించి ఉప్పునీరు లోపలికి చొరబడకుండా మూసేవారు. కుండలో పగలగొట్టిన ఐసు, దాని మీద దోసిళ్లతో కల్లుప్పు. ఉప్పు తగిలిన ఐసు కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని చుట్టుపక్కల నుంచి లాక్కుంటుంది, దాంతో ఆ ఉప్పునీరు సున్నాకి చాలా కిందికి దిగిపోతుంది. ఉప్పు, ఐసు పాళ్లు సరిగ్గా కుదిరితే మైనస్ 21 దాకా వెళ్లే వీలుంది. పైగా ద్రవం గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని తీసుకుపోతుంది. రేకు పలుచన, గొట్టం సన్నం, చుట్టూ ఉప్పునీరు. ఇంకా మధ్యమధ్యలో కుండను కుదుపుతూ ఉంటాడు. మన డబుల్ డోర్ ఫ్రిజ్‌కన్నా ఆ మట్టికుండే తొందరగా గడ్డకట్టిస్తుంది. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు గౌరవం కలుగుతుంది.

ఇంట్లోనూ చేయవచ్చు. బకెట్‌లో మూడు వంతుల ఐసు ముక్కలకు ఒక వంతు కల్లుప్పు వేసి, బిగుతుగా మూత పడే చిన్న స్టీలు డబ్బాలు మునిగేలా పెట్టి, అప్పుడప్పుడూ తిప్పుతూ ఉంటే చాలు. అంత ఓపిక లేకపోతే ఒక దళసరి స్టీలు పళ్లేన్ని ముందురోజే ఫ్రీజర్‌లో ఉంచండి. కప్పుల్ని దాని మీద పెట్టండి. అడుగు లోహానికి తగిలితే వేగం పెరుగుతుంది. ప్లాస్టిక్ కన్నా స్టీలు, అల్యూమినియం గిన్నెలు నయం. ఇడ్లీ పళ్లేలు కూడా చక్కగా పనికొస్తాయి. గుంట లోతు తక్కువ, లోహం, పైగా అన్నీ ఒకే కొలత.

ఇక వేగం ఒక్కటే చాలదు. లోపల ఉన్న నీటి వాటా ఎంతో తెలియాలి. కుల్ఫీకి ఫుల్‌క్రీమ్ పాలు తీసుకుందాం. మన దేశంలో ఫుల్‌క్రీమ్ పాలంటే కనీసం ఆరు శాతం వెన్న, తొమ్మిది శాతం ఇతర ఘనపదార్థాలు ఉండాలి. అంటే లీటరు పాలల్లో సుమారు 150 గ్రాముల సరుకు, మిగతాదంతా నీరే. ఆ పాలల్లో 75 గ్రాముల చక్కెర వేసి, మరిగించకుండా అలాగే గడ్డకట్టిస్తే మొత్తం మీద ఘనపదార్థం ఇరవై శాతం చుట్టూ ఉంటుంది. తింటే పాల ఐసు తిన్నట్టే. అదే పాలను సగానికన్నా తక్కువకు, అంటే దాదాపు 450 గ్రాములకు ఇగిరించి, ఆ 75 గ్రాముల చక్కెరే వేయండి. ఘనపదార్థం నలభై శాతం దాటిపోతుంది. మనం పొయ్యి దగ్గర గంటసేపు నిలబడి చేసేది నీటిని బయటికి పంపడం. ఆ శ్రమ ఎక్కడికీ పోదు, నోట్లో తెలుస్తుంది.

మరిగేటప్పుడు గిన్నె అంచుకి కట్టే మీగడను గరిటెతో గీకి మళ్లీ పాలల్లో వేస్తూ ఉండాలి. ఆ మీగడ పొరలే కుల్ఫీలో పంటికి తగిలే కోవా రుచి. మంట సన్నగా ఉండాలి. వెడల్పాటి మూకుడు అయితే నీరు త్వరగా ఆవిరవుతుంది, అడుగంటే ప్రమాదమూ తక్కువ. సమయం లేనివాళ్లు పాలపొడి గానీ కండెన్స్‌డ్ మిల్క్ గానీ కలుపుతారు. అదేమీ మోసం కాదు. నీరు ముందే తీసేసిన పాలనే వాడుతున్నారు, అంతే.

చక్కెర ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఒకటి తీపి. రెండోది, నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించడం. నీటిలో కొంత భాగం మంచుగా మారిన కొద్దీ మిగిలిన నీటిలో చక్కెర చిక్కబడుతుంది. అది ఇక గడ్డకట్టడానికి మొరాయిస్తుంది. మామూలు ఐస్‌క్రీమ్‌లో మైనస్ 18 దగ్గర కూడా సుమారు పావు వంతు నీరు పాకంలా మిగిలే ఉంటుంది. చెంచా దిగేది ఆ పాకం వల్లనే. అందుకని ఆరోగ్యం పేరుతో చక్కెర మరీ తగ్గిస్తే కుల్ఫీ రాయి అవుతుంది. మరీ ఎక్కువేస్తే అసలు బిగుసుకోదు. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా కొంత ఉంటాయి కాబట్టి అదే బరువు చక్కెరకన్నా ఇంకొంచెం మెత్తగా ఉంచుతుంది. ఇంకో సంగతి, చల్లబడిన నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. వేడి పాలు రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువ తీపి అనిపిస్తేనే గడ్డకట్టాక సరిపోతుంది.

కొవ్వు చేసే పని వేరు. అది మంచు పలుకుల మధ్య అడ్డుపడి వాటిని కలవనివ్వదు. మీగడ, క్రీమ్, చాక్లెట్, చీజ్ ఉన్న కప్పులు ఫ్రీజర్‌లో బాగా నిలవడానికి కారణం ఇది.

కరిగించి తినేవి, గడ్డగానే తినేవి

ఇంత చెప్పుకున్నాక కస్టర్డ్ సంగతికి వద్దాం. కస్టర్డ్ పౌడర్ అంటే ముఖ్యంగా కార్న్‌ఫ్లోర్. వేడి పాలల్లో ఆ పిండి రేణువులు ఉబ్బి నీటిని పట్టుకుంటాయి, అందుకే చిక్కబడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఆ నీరు మంచుగా విడిపోతుంది. పిండి అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కరిగాక నీరు తిరిగి వచ్చినా దాన్ని పట్టుకునే చేతులు ఖాళీగా లేవు. కనుక అడుగున నీళ్లు, పైన స్పాంజి.

చాలామంది ఇక్కడ తికమక పడతారు. కార్న్‌ఫ్లోర్ ఫ్రీజర్‌కి పనికిరాదంటే, కుల్ఫీలో చెంచాడు కార్న్‌ఫ్లోర్ వేసేవాళ్ల కుల్ఫీ బాగానే వస్తుంది కదా అని. వస్తుంది. ఎందుకంటే కుల్ఫీని గడ్డగానే తింటాం. నీరు విడిపోయే ఘట్టం నోట్లోనే జరిగిపోతుంది, కంటికి కనబడదు. కస్టర్డ్‌ని మాత్రం కరిగించి, చల్లటి పాయసంలా తినాలనుకుంటాం. ఒకే పిండి, తినే తీరును బట్టి ఫలితం మారింది. అందుకే ఏ తీపినైనా ఫ్రీజర్‌లో పెట్టే ముందు నేను మొదట చూసుకునేది అది గడ్డగా తినేదా, కరిగించి తినేదా, వేడి చేసి తినేదా అని. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. మిగిలిపోయిన కస్టర్డ్‌ని పండ్ల ముక్కలు తీసేసి, మిక్సీలో తిప్పి, పుల్ల గుచ్చి ఐస్‌ఫ్రూట్‌లా గడ్డకట్టించండి. పిల్లలు ఇష్టంగా తింటారు. కరిగించే ప్రయత్నం మాత్రం వద్దు.

చైనా గ్రాస్‌తో చేసే జెల్లీ, పుడ్డింగులు ఇంకా కష్టం. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి తీసేది. జపాన్‌లో శీతాకాలంలో ఆ నాచు జెల్లీని ఆరుబయట పెట్టి రాత్రి గడ్డకట్టనిచ్చి, పగలు కరగనిచ్చి, నీరంతా కారిపోయేలా చేసి ఎండబెట్టడం పాత పద్ధతి. అంటే అందులోంచి నీటిని వదిలించడానికి కనిపెట్టిన మార్గమే గడ్డకట్టించి కరిగించడం. మనం ఫ్రీజర్‌లో పెడితే తెలియకుండా అదే పని చేస్తున్నాం. కాబట్టి చైనా గ్రాస్ కప్పులు ఫ్రిజ్‌లో కింది అరలోనే, రెండు మూడు రోజుల్లో తినేయాలి.

బొబ్బట్లు ఎందుకు బతుకుతాయి

ఇది చాలామందికి నమ్మశక్యం కాని విషయం. పిండి వంటలకు అన్నిటికన్నా చెడ్డచోటు ఫ్రిజ్ కింది అర. ఉడికిన పిండి చల్లారాక నెమ్మదిగా మళ్లీ గట్టిపడుతుంది. రాత్రి అన్నం పొద్దున్నకి పలుకుగా మారేది, రొట్టె అట్టలా అయ్యేది అందుకే. ఈ గట్టిపడటం సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య, అంటే సరిగ్గా మన ఫ్రిజ్ ఉండే చలిలో, అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. మైనస్ 18లో దాదాపు ఆగిపోతుంది. బొబ్బట్టు ఫ్రిజ్‌లో రెండు రోజులుంటే తోలులా సాగుతుంది, ఫ్రీజర్‌లో నెలన్నా మెత్తగానే ఉంటుంది. పైగా వేడి తగలగానే ఆ కాస్త గట్టిదనమూ పోతుంది.

బొబ్బట్లో పూర్ణం కూడా కలిసొచ్చే పదార్థమే. శనగపప్పు, బెల్లం కలిపి దగ్గరపడేదాకా ఉడికించాక విడిగా తిరిగే నీరు చాలా తక్కువ. ఉన్నదాన్ని బెల్లం పట్టుకుని ఉంటుంది. బొబ్బట్లను పూర్తిగా చల్లార్చి, ఒక్కొక్కదాని మధ్య బటర్ పేపర్ ముక్క పెట్టి, ఐదారు చొప్పున దొంతరగా పేర్చి, గాలి లేకుండా కవర్‌లో చుట్టాలి. తీశాక కరిగేదాకా ఆగక్కర్లేదు. పలుచగా ఉంటాయి కాబట్టి నేరుగా సన్నసెగ మీద పెనం పెట్టి నెయ్యితో కాల్చుకోవచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉగాది పనిదినాన వస్తే, వారం ముందే ఆదివారం కూర్చుని భక్ష్యాలు చేసి దాచుకునే తెలుగు ఇళ్లకు ఇది బాగా తెలిసిన దారి.

బూరెల విషయంలో నా సలహా వేరు. వేయించిన బూరెను ఫ్రీజర్‌లో పెడితే పైపొర నెమ్ము తీసుకుంటుంది, మళ్లీ వేయించినా నూనె పీలుస్తుంది తప్ప ఆ కరకర రాదు. పూర్ణం ఉండల్నే గడ్డకట్టించుకోండి. పూర్ణం చేతికి అంటకుండా ఉండకట్టే దాకా పొయ్యి మీదే ఉంచాలి. చల్లారాక నిమ్మకాయంత ఉండలు చేసి, స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, మూడు నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెట్టాలి. పైన గట్టిపడ్డాక తీసి ఒకే కవర్‌లో వేసేయొచ్చు, అతుక్కోవు. ఇద్దరు చుట్టాలొస్తే ఎనిమిది ఉండలు తీసుకుంటే చాలు, మిగతావి కదలవు. ముందురాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకుని, పొద్దున్న పైన చెమ్మ ఉంటే పొడిగుడ్డతో అద్ది, అప్పుడు తోపులో, అంటే పైపూత పిండిలో, ముంచి నూనెలో వదలాలి. మంచు పట్టిన ఉండను కాగిన నూనెలో మాత్రం వేయొద్దు. నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లు వ్యాకోచిస్తుంది. తోపు పగిలి నూనె ముఖం మీదకు చిందుతుంది. పిల్లలు తిరిగే వంటింట్లో ఇది చిన్న విషయం కాదు.

హైదరాబాదీ ఖుబానీ కా మీఠా ఫ్రీజర్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఎండు ఆప్రికాట్లను రాత్రంతా నానబెట్టి, చక్కెరతో గుజ్జుగా ఉడికిస్తాం. పండులో సహజంగా ఉండే పెక్టిన్, దానికి తోడు చక్కెర, రెండూ నీటిని గట్టిగా పట్టుకుంటాయి. చిన్న కప్పుల్లో రెండు నెలలు దాచినా తేడా తెలియదు. పైన వేసే మీగడ, గింజల్లోని పప్పు మాత్రం వడ్డించేటప్పుడే. గులాబ్ జామూన్లూ నిలుస్తాయి. చిక్కటి పాకం రాయిలా గడ్డకట్టదు, కప్పుకి రెండు చొప్పున పాకంతో సహా పెట్టుకోవచ్చు. పరమాన్నం కొంచెం ఇబ్బంది. మెతుకు విరుగుతుంది, బెల్లంతో కలిసిన పాలు మళ్లీ వేడి చేస్తే విరిగే భయం ఉంది. తప్పదనుకుంటే పాలు, బియ్యం ఉడికించినంత వరకు దాచుకుని, వేడి చేసి దింపాక కరిగించి వడకట్టిన బెల్లం కలపండి. సేమియా పాయసం ముద్దైపోతుంది, వద్దు.

అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలకు ఫ్రీజర్ అక్కర్లేదు. వాటిలో నీరే తక్కువ, డబ్బాలో నిక్షేపంగా ఉంటాయి. పూతరేకులనైతే దాని ఛాయలకు కూడా పోనివ్వకండి. బయటికి తీయగానే గాలిలోని తేమ పట్టి ఆ పొర చిరిగి ముద్దవుతుంది.

పండ్లు, చాక్లెట్

బంగినపల్లి కాలం అయిపోయేలోగా గుజ్జు తీసి ఇడ్లీ గుంటల్లో గడ్డకట్టించి కవర్‌లో వేసుకుంటే ఏడాదంతా మామిడి కుల్ఫీ, మామిడి లస్సీ మన చేతిలో ఉన్నట్టే. గుజ్జులో కాస్త చక్కెర, నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే రంగు నిలుస్తుంది. కుల్ఫీలో కలిపేటప్పుడు పాలు పూర్తిగా చల్లారి ఉండాలి, పులుపుకి వేడి పాలు విరుగుతాయి.

సీతాఫలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే బాలానగర్ కాయలు వానాకాలం చివర మార్కెట్‌ను ముంచెత్తుతాయి, కొన్ని వారాల్లో మాయమవుతాయి. ఆ గుజ్జును ఉడికించి నిల్వ చేద్దామంటే చేదెక్కుతుంది. వేడి సీతాఫలానికి పడదు. దానికి చలి ఒక్కటే దారి. గింజలు తీసిన పచ్చి గుజ్జును వెంటనే, నల్లబడకముందే, నిమ్మచుక్కలతో కలిపి చిన్న కవర్లలో పలుచగా పరిచి, గాలి నొక్కేసి గడ్డకట్టించాలి. ఇగిరించి చల్లార్చిన పాలల్లో ఆ పలక ఒకటి విరిచి వేసి, కలిపి, కప్పుల్లో పోస్తే డిసెంబరులోనూ సీతాఫలం కుల్ఫీ తినొచ్చు. ఈ ఒక్కదాని కోసమైనా ఫ్రీజర్‌లో ఒక అర ఖాళీ చేయడం న్యాయమే అంటాను.

అరటిపండు ముక్కలు, ద్రాక్ష, ఆపిల్ ముక్కలు కరిగాక మెత్తబడి నీరుకారతాయి. అవి వడ్డించేటప్పుడు వేసుకునేవి.

పుట్టినరోజులకు చాక్లెట్ మూస్ కప్పులు ముందే చేసుకోవచ్చు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌ని 100 మిల్లీలీటర్ల వేడి క్రీమ్‌లో కరిగించి చల్లార్చాలి. మరో 200 మిల్లీలీటర్ల విప్పింగ్ క్రీమ్‌ను మెత్తగా గిలకొట్టి, నురుగు అణగకుండా అందులో కలపాలి. ఆరు చిన్న కప్పులు వస్తాయి. ఫ్రెష్ క్రీమ్ పేరుతో దొరికే 25 శాతం కొవ్వు క్రీమ్ నురుగు నిలవదు, ముప్పై శాతమైనా ఉండాలి. పచ్చిగుడ్డు వేసే పద్ధతులు కూడా ఉన్నాయి. నేను వద్దంటాను. గడ్డకట్టిస్తే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి చావదు, నిద్రపోతుంది, కరగగానే లేస్తుంది.

పెట్టేటప్పుడు, తీసేటప్పుడు

అన్ని ఫ్రీజర్లూ మైనస్ 18కి పోవు. కొన్నిటి తలుపు మీద నక్షత్రం గుర్తులుంటాయి. ఒకటైతే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడు ఉంటేనే మైనస్ 18. కరెంటు ఆదాకి వేసే నక్షత్రాలు వేరు, వీటితో కలపొద్దు. ఒక నక్షత్రం ఫ్రీజర్‌లో చక్కెర ఎక్కువున్న కుల్ఫీ బిగుసుకోవడమే కష్టం, నెలల నిల్వ మాట అటుంచండి. ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లు మంచు పేరుకోకుండా మధ్యమధ్యలో కాస్త వేడెక్కుతాయి. ఆ హెచ్చుతగ్గులకు చిన్న మంచు పలుకులు కరిగి, మళ్లీ గడ్డకట్టేటప్పుడు పెద్దవాటికి అతుక్కుంటాయి. మొదట్లో వెన్నలా ఉన్న కుల్ఫీ రెండు నెలలకు గరగరలాడేది ఇందుకే. తలుపు దగ్గర కాకుండా వెనక గోడ వైపు పెడితే కొంత నయం.

మూత సరిగా లేని కప్పు పైన తెల్లటి ఎండు మచ్చలు వస్తాయి. మంచు కరగకుండానే నేరుగా ఆవిరైపోయిన చోటు అది. చెడిపోయినట్టు కాదు గానీ రుచి చస్తుంది. క్లింగ్ ఫిల్మ్‌ను పదార్థానికి ఆనేలా అతికించి, ఆపైన మూత పెట్టండి. చేపల పక్కన పెట్టిన క్రీమ్ కప్పు చేపల వాసనే వేస్తుంది, కొవ్వు వాసనల్ని పీల్చుకుంటుంది. కప్పు మీద పేరు, తేదీ రాయండి. పాలవి నెలా రెండు నెలల్లో, పూర్ణం, ఖుబానీ మూడు నెలల్లోపు వాడుకుంటే రుచి దక్కుతుంది.

వేడివేడిది ఫ్రీజర్‌లో పెట్టకూడదు. అలాగని పొద్దున్న వండినది సాయంత్రం దాకా గట్టు మీద వదలకూడదు. పాలు, అన్నం ఉన్నవాటికి రెండు గంటలు గడువు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవికి విత్తనాల్లాంటి స్పోర్లు ఉంటాయి, అవి ఉడికినా చావవు, గోరువెచ్చగా వదిలేస్తే మొలకెత్తి విషం వదులుతాయి. తర్వాత మరిగించినా ఆ విషం పోదు. గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి కలుపుతూ ఉంటే పావుగంటలో చల్లారుతుంది. అప్పుడు చిన్న కప్పుల్లోకి.

కరిగించి తినేవాటిని మూత తీయకుండా ముందురాత్రి కింది అరలోకి మార్చండి. పైన పట్టే చెమ్మ మూత మీదే ఉంటుంది, తీపి మీద పడదు. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. మనిషికొక కప్పు చొప్పున చేసుకుంటే ఆ అవసరమే రాదు.

ఎండాకాలంలో కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చలిని పట్టి ఉంచుతుంది. ఊరెళ్లేటప్పుడు ఒక చిన్న కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే ఇబ్బంది లేదు. అడుక్కి దిగి ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు కుల్ఫీ, మూస్, పరమాన్నం లాంటి పాలవన్నీ ఆలోచించకుండా పారేయండి. ఇంట్లో ఉండగానే కరెంటు వచ్చి, పూర్ణం ఉండలు మెత్తబడ్డా ఇంకా చల్లగానే ఉంటే ఆ రోజే తోపు కలుపుకుని బూరెలు వేసేసుకోవచ్చు.